కెమెరా మొక్కు

"నువ్వు పస్తుంటే నాకు ముద్దెలగ దిగుతాదే?" అంటూ మా అత్త దాలమ్మ ఉప్మా పళ్ళెం నా వైపు తోసేసింది. అప్పుడు నేను పొయ్యి గట్టు తుడుస్తున్నాను. మసిగుడ్డ చేతిలోనే ఉండిపోయింది. డెబ్భై దాటిన మనిషి, సుగరున్న మనిషి, పొద్దున్నే మాత్ర వేసుకుని ఏదో ఒకటి తినకపోతే కాళ్ళు వణికే మనిషి. నీకెందుకత్తా, మొక్కింది నేను కదా అంటే, ఒకళ్ళు మొక్కితే ఇంట్లో ఇంకొకళ్ళు సగం మోస్తే అమ్మోరు బేగి వింటాదని చెప్పింది. చెప్పి, కొంగు నడుముకి దోపుకుని, మందారాలు కోయడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ మోస్తానన్న ఆ సగంలో ఏమీ లేదని నా ఒక్కదానికే తెలుసు. ఎందుకంటే నేను ఏ మొక్కూ మొక్కలేదు.

మొక్కానని చెప్పానంతే. చెప్పినప్పుడు నాకది మహా తెలివైన ఉపాయంలా కనిపించింది. టాటానగర్‌లో మా బర్మామైన్స్ రైల్వే క్వార్టర్లలో తెలుగింటి ఆడది గడప దాటితే జవాబులు చెప్పుకుంటూ దాటాలి. బజారుకంటే ఏం కొన్నావంటారు. చుట్టాలింటికంటే ఎందుకెళ్ళావని ఇక్కడివాళ్ళూ, ఎందుకొచ్చిందని అక్కడివాళ్ళూ అడుగుతారు. అమ్మోరి గుడికంటే మాత్రం ఒక్కళ్ళు నోరెత్తరు. అందులోనూ మొక్కు అంటే మరీను. మొక్కు తీరేదాకా అది దేనికోసమో పైకి చెప్పకూడదు, ఎదుటివాళ్ళు అడగనూ కూడదు. బొబ్బిలి పక్క పల్లెలో మా అత్త వాళ్ళమ్మ పాటించిన నియమం ఆవిడతోపాటే రైలెక్కి టాటానగర్ వచ్చేసింది. భుయ్యాడీహ్‌లో నది దగ్గర మనవాళ్ళు కట్టుకున్న అమ్మోరి గుడి ఉంది. ఏడు మంగళవారాలు పస్తుండి అక్కడ ముర్రాట పోస్తానని మొక్కుకున్నానన్నాను. ముర్రాటంటే పసుపునీళ్ళ చెంబే, పైన నాలుగు వేపరెమ్మలు. మా ఆయన గౌరీశంకర్ ఫోన్‌లోంచి తలెత్తకుండానే సరే వెళ్ళమన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో నా మాటకి ఆయన అంత తొందరగా ఒప్పుకున్నది అదే మొదలు.

నాకు కావలసింది కెమెరా. నవ్వొస్తే నవ్వండి. నేను నాగేంద్రబాబు గారి ఫోటో స్టూడియోలో పని చేస్తాను. కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్ళి ఆల్బమ్‌లు తయారు చేస్తాను. పెళ్ళికూతుళ్ళ మొటిమలు తుడిచేది నేనే, మామగార్ల బట్టతలల మీద మెరుపు తగ్గించేది నేనే, మూసుకుపోయిన కళ్ళని ఇంకో ఫోటోలోంచి తెచ్చి తెరిపించేదీ నేనే. ఆడవాళ్ళ వేడుకలప్పుడు ఆయన నన్ను కూడా తీసుకెళ్తాడు, లైటు పట్టుకోవడానికీ, పమిటలు సర్దడానికీ. ఆల్బమ్ చేయించుకునేవాళ్ళ ముందు 'ఇంద్రాణమ్మ చెయ్యి పడితే ఆల్బమ్‌కి కళొస్తుంది' అంటాడు. వాళ్ళు అటు వెళ్ళగానే, కెమెరా ముట్టుకోకు, కిందపడితే నీ జీతంలో తీరదంటాడు. ఒకసారి ఆయన ఫోన్ మాట్లాడడానికి బయటికి వెళ్ళినప్పుడు గాజులు తొడుగుతుంటే ఆగలేక నేనే ఫోటోలు తీసేశాను. ఆ ఫోటోల్లో ఆడవాళ్ళు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నారు. ఒకావిడ పమిట జారిపోయినా చూసుకోలేదు. ఆయన వాటినే ఆల్బమ్ మొదటి పేజీలో పెట్టించి కింద తన పేరు వేయించాడు. ఆ పేరులో అచ్చుతప్పులు సరిచూసింది కూడా నేనే.

ఆ తర్వాత నాకు స్థిమితం లేదు. ఇంట్లో అడిగి చూశాను, పని జరగలేదు. సరే, ఈ జన్మకింతే అనుకుని ఊరుకున్నాను కూడా. అలాంటిది మా పక్క లైన్లో ఉండే రమాదేవి గారు ఒకరోజు కొళాయి దగ్గర ఆపి, వాళ్ళమ్మాయికి సీమంతం చేస్తున్నామనీ, గది చిన్నదనీ, మగవాళ్ళు కెమెరాలతో లోపలికొస్తే ఆ పిల్ల బిగుసుకుపోతుందనీ, నువ్వే తీసిపెట్టమనీ అడిగింది. తీస్తానన్నాను. బిందె చంకకెత్తుకుని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, నా దగ్గర కెమెరా లేదని. దేంతో తీస్తాననుకున్నానో దేవుడికే తెలియాలి. స్టూడియోలో అడిగితే ఉద్యోగమే పోతుంది. అప్పటికి సీమంతానికి ఇంకా రెండు నెలలుంది, మా స్టూడియోకి మంగళవారం సెలవు. ఆ రాత్రి అన్నాలు వడ్డిస్తూ వడ్డిస్తూ నోటికొచ్చిన మాట మొక్కు.

మొదటి మంగళవారం గుడికి వెళ్ళి, చెంబుడు నీళ్ళు పోసి, షేర్ ఆటో ఎక్కి జుగ్సలాయి బజారుకి వెళ్ళాను. గోదాముల సందులో మోహిత్ అనే అతని కొట్టుంది. మూతపడ్డ స్టూడియోల సామానూ, సరదా తీరిపోయినవాళ్ళ సామానూ అతని దగ్గరికి చేరుతుంది. నేను లోపలికి వెళ్ళగానే అతను నా వెనక ఎవరైనా వస్తున్నారేమో అని చూశాడు. భయ్యా రాలేదా అని అడిగాడు. బేటా కోసమా అని అడిగాడు. నా కోసమే అన్నాను. ఆ మాట అనడానికి నాకు అంత సిగ్గెందుకేసిందో తెలియదు, ఎవరిదో వస్తువు చీర కింద దాచుకుని పట్టుబడ్డట్టు చెవులు వేడెక్కిపోయాయి. అయితే కెమెరా చేతిలోకి వచ్చాక నేను ఇంకో మనిషిని. తెల్లగోడని తీసి సెన్సారు మీద మచ్చలున్నాయేమో చూశాను. షటర్ ఎన్నిసార్లు కొట్టిందో లెక్క చూపించమన్నాను. ఇంతకాలం నాగేంద్రబాబు గారి భుజం వెనక నిలబడి చూసిన చదువు అది. మోహిత్ అప్పటినుంచి 'దీదీ' అనడం మొదలుపెట్టాడు.

ఆ రోజు లెన్సు లేని కెమెరా బాడీ తెచ్చి అటక మీద కుక్కర్ అట్టపెట్టెలో, చలికాలం రజాయిల వెనక దాచాను. స్టూడియో పని అయ్యాక ఇంట్లో రాత్రీ పగలూ చేసిపెట్టిన ఆల్బమ్‌ల డబ్బు అలా కుక్కర్ పెట్టెలోకి వెళ్ళింది. దానికి ఒకరికి జవాబు చెప్పుకోనక్కర్లేదు, అది నా కష్టం. డబ్బు గురించి నాకు ఒక్క రోజు కూడా దిగులు కలగలేదు. దిగులల్లా రెండో మంగళవారం ఉప్మా పళ్ళెంతో మొదలైంది.

మా అత్త అన్నంత పనీ చేసింది. మంగళవారం వచ్చిందంటే నాకంటే ముందే లేచి తలస్నానం చేసేది. పాలు తాగమంటే వద్దు, పండు తినమంటే వద్దు. మా అమ్మాయి వెన్నెల కాలేజీకి వెళ్తూ 'దాదీ కో కుఛ్ తో ఖిలావో మమ్మీ' అని, నానమ్మకి ఏదో ఒకటి పెట్టమని నామీద కేకలేసేది. నేను తినకుండా ఆవిడ తినదు, నేను తింటే మొక్కు అబద్ధమైపోతుంది. గుడి నుంచి నేను తెచ్చే పసుపు బండారు నుదుటికి పెట్టుకుని, రెండు పటికబెల్లం ముక్కలు నోట్లో వేసుకుని, అప్పుడు అన్నం దగ్గర కూర్చునేది. అప్పటికి మధ్యాహ్నం దాటిపోయేది. నేను జుగ్సలాయి మీదుగా తిరిగొచ్చేదాన్ని కదా మరి.

మూడో మంగళవారం లెన్సుల కోసం వెళ్ళాను. మోహిత్ చూపించిన మొదటిదాని లోపల ఫోన్ టార్చి వేసి చూస్తే బూజు పట్టి ఉంది, అద్దం లోపల తెల్లటి దారాలు పాకి. అది వద్దని, చిన్నదే అయినా శుభ్రమైనదాన్ని ఏరి, ధర కుదరక, వచ్చేవారం చూద్దాంలే అని బయటికొచ్చాను. కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. వీధి మొదట్లో సత్తుపిండి కూరిన లిట్టీ ఉండలు నిప్పుల మీద కాలుస్తున్నారు. రెండు లిట్టీలు తిన్నాను. మొదటిది సగంలో ఉండగా మా అత్త గుర్తొచ్చింది, ఈపాటికి అరుగు మీద కూర్చుని నా కోసం రోడ్డు వంక చూస్తుంటుందని. మిగిలింది పారేశానని చెప్పుకోవాలనే ఉంది. పారేయలేదు. నంజుకోడానికి వంకాయ చోఖా ఇంకాస్త అడిగి మరీ వేయించుకున్నాను. ఇంటికి వెళ్ళి, ఆవిడ పక్కన కూర్చుని, పస్తున్నదాన్నే అయినట్టు మళ్ళీ అన్నం కలుపుకున్నాను. 'మెల్లిగా తిను, కాళీ కడుపు' అని ఆవిడ నాకు నీళ్ళు అందించింది.

ఒక్క మాటతో ఆవిడ చేత పొద్దున్నే అన్నం తినిపించగలను. మొక్కూ లేదు, గిక్కూ లేదు, తినత్తా అంటే చాలు. ఆ మాట నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో కూడా దాచను. లెన్సు ఇంకా కొనలేదు కాబట్టి చెప్పలేదు. లెన్సు కొన్నాక, బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది, మంచిది కావాలి కాబట్టి చెప్పలేదు. ఆ తర్వాత చార్జరూ, కార్డూ, సంచీ. పాత సామాను కొనడమంటే ఇంతే, ఒకటి దొరికితే దాని జత దొరకదు. ప్రతిసారీ ఇదొక్కటీ అయిపోనీ అనుకునేదాన్ని. గుళ్ళో అమ్మోరి ముందు నిలబడితే ఏం కోరాలో తెలిసేది కాదు. క్షమించు తల్లీ అని కళ్ళు మూసుకునేదాన్ని, కళ్ళు తెరిచేలోపే షేర్ ఆటో దొరుకుతుందో లేదో అని ఆలోచన. అంత సిగ్గులేని దండం ఆవిడ ఎప్పుడూ చూసి ఉండదు.

పైగా లైన్లో నాకు మంచిపేరు. కోడలు పస్తుంటే అత్త పస్తుండడం, అత్త కోసం కోడలు ప్రసాదం తేవడం, ఇలాంటి ఇల్లు ఎక్కడైనా ఉందా అని కొళాయి దగ్గర చెప్పుకుంటున్నారు. మా అత్త ఆ మాటలన్నీ ఏరుకొచ్చి నాకు చెప్పేది. ఆవిడ ముఖంలో వెలుగు చూస్తే నాకు నేల చీలి లోపలికి పోవాలనిపించేది. మొదటినుంచీ ఆవిడ మెత్తనిదేం కాదు. నా పెళ్ళైన కొత్తలో చారులో ఉప్పెక్కువైందని గిన్నె తిప్పి పోసేసిన మనిషి. వెన్నెల పుట్టినప్పుడు ఆడపిల్లేనా అని ఆసుపత్రి గేటు దగ్గరినుంచే వెనక్కి వెళ్ళిపోయిన మనిషి. వాటికి బదులు ఇప్పుడు తీర్చుకుంటున్నానా అని కూడా నన్ను నేను ప్రశ్నించుకున్నాను. లేదు, ఆ కచ్చ నాలో ఎప్పుడో ఎండిపోయింది. అది ఉండి ఉంటే బాగుండేది, ఇంత బాధ పడేదాన్ని కాదు.

ఆరో మంగళవారానికి ఇక ఫ్లాష్ ఒక్కటే మిగిలింది. రమాదేవి గారి లోపలి గది చూసొచ్చాను. ఒక్క కిటికీ, దానికి అడ్డంగా బీరువా. ట్యూబులైటు వెలుగులో తీస్తే ఆ కడుపుతో ఉన్న పిల్ల పచ్చకామెర్ల మనిషిలా ఉంటుంది. ఫ్లాష్ పెట్టి వెలుగుని పైకప్పుకి కొట్టి కిందికి దింపితేనే ముఖాలు ముఖాల్లా వస్తాయి. మోహిత్ నాకోసం ఒకటి తెప్పించి ఉంచాడు. వరసగా వెలిగించి చూస్తున్నాను, వేడెక్కి ఆగిపోతుందేమోనని. ఫోన్ సంచీలో ఉంది, చప్పుడు రాకుండా పెట్టి. మంగళవారాలు దాన్ని అలాగే ఉంచేదాన్ని. గుళ్ళో ఉన్న మనిషి ఫోన్ ఎత్తదు కదా. ఎత్తితే జుగ్సలాయి లారీల హారన్లు వినిపిస్తాయి కదా. డబ్బులు తీయడానికి సంచీ తెరిచేసరికి ఫోన్ నిండా వెన్నెల పేరే, మధ్యలో ఆయన పేరు.

ఫ్లాష్ అక్కడే బల్ల మీద పెట్టేసి పరిగెత్తాను. మా అత్త పెరట్లో బట్టలు ఆరేస్తూ కళ్ళు తిరిగి పడిపోయింది. పక్కింటివాళ్ళు చూసి రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నేను వెళ్ళేసరికి గ్లూకోజు ఎక్కుతోంది. తెలివొచ్చింది, మాట్లాడుతోంది, మోచేయి దోక్కుపోయింది. నన్ను చూడగానే 'ముర్రాట పోసినావా?' అని అడిగింది. తల ఊపాను. ఆ ఒక్కటీ నిజమే. గౌరీశంకర్ రైల్వే షెడ్డులో పని మధ్యలోంచి గ్రీజు చేతులతోనే వచ్చేశాడు. ఎక్కడికి చచ్చావని అందరి ముందూ అరిచాడు. గుళ్ళో ఉందిరా, ఫోనెలగ ఎత్తుతాది అని మా అత్తే నన్ను వెనకేసుకొచ్చింది, సూది చేతిని జాగ్రత్తగా ఎత్తి పట్టుకుని. సాయంత్రం ఇంటికి తెచ్చాక ఆయన తీర్పు చెప్పేశాడు. ఇంక మొక్కులూ వద్దు, గుళ్ళూ వద్దు, మంగళవారం ఎవరూ ఎక్కడికీ కదలక్కర్లేదు, బంద్.

ఫ్లాష్ లేకపోతే సీమంతం పని లేదు. సీమంతం జరిగే ఆ ఆదివారం పోతే ఇంకోసారి నన్నెవరు పిలుస్తారు? మళ్ళీ లైటు పట్టుకుని నిలబడడమే. సిగ్గు లేకపోతే సరి, ఆసుపత్రి నుంచి తెచ్చిన అత్త కాళ్ళు ఒత్తుతూ కూడా నేను ఆలోచించింది ఇదే.

గురువారం మధ్యాహ్నం ఆవిడకి జావ తాగిస్తున్నాను. ఆవిడ గిన్నె అవతల పెట్టి, కొడుకు ఇంట్లో లేడు కదా అని చూసుకుని, గొంతు తగ్గించింది.

"ఒక్క వారవే కదా ఉంది. ఈ మంగలారం నాను తినీసే ఉంటాను. నువ్వెల్లి పోసీసి రా. సగంలో ఆపకూడదే పిల్లా."

ఇక నా వల్ల కాలేదు. అటకెక్కి కుక్కర్ పెట్టె దింపాను. రజాయిల దుమ్ము ఇద్దరి మీదా పడింది. కెమెరా, లెన్సు, చార్జరు, సంచీ ఒక్కొక్కటే మంచం మీద పెట్టి, దీనికోసం అత్తా నేను వెళ్ళింది అన్నాను. మొక్కు లేదన్నాను. నువ్వు పస్తున్నప్పుడు నేను జుగ్సలాయిలో లిట్టీ తిన్నానని కూడా చెప్పాను. అది చెప్పనక్కర్లేదు, ఆవిడకి తెలిసే దారి లేదు, అయినా అదే అన్నిటికంటే ముందు బయటికొచ్చింది. ఆవిడ కెమెరా వైపు చూసింది, నా వైపు చూసింది. ఒక్క తిట్టు తిట్టలేదు. చారు గిన్నె తిప్పి పోసిన ఆ మనిషే గోడవైపు తిరిగి పడుకుంది. మంచం అంచున కూర్చుని నేనొక్కదాన్నే ఏడ్చి, నేనే ముక్కు తుడుచుకుని, సామానంతా మళ్ళీ పెట్టెలో సర్దాను.

ఆవిడ నాతో మాట్లాడలేదు. మంచినీళ్ళు వెన్నెలని అడిగేది. నేను పెట్టిన అన్నం తినేది గానీ, కూర ఎలా ఉందని అడిగితే జవాబుండేది కాదు. అత్తాకోడళ్ళకి ఏమైందని గౌరీశంకర్ అడిగితే, ఏటీ నేదు అంది. నామీద చెప్పేస్తే బాగుండునని ఎదురుచూశాను. చెప్పలేదు. శనివారం పొద్దున్న తల దువ్వమని దువ్వెన నా చేతికిచ్చింది. అరుగు మీద కూర్చుంది, నేను వెనక మెట్టు మీద. రెండు చిక్కులు తీశాక, రోడ్డు వైపే చూస్తూ మాట్లాడింది.

"అమ్మోర్ని నానేటి అడిగినానో తెల్సా?"

కొడుకు ప్రమోషన్ గురించి అయి ఉంటుందన్నాను.

"ఆడికేటి లోటు? అమ్మా తల్లీ, ఈ ఇంటికొచ్చిన కాడ్నించి నా కోడలు నన్నేటీ అడగనేదు, నిన్నూ అడగనేదు. ఇప్పుడేదో అడిగింది. అదేటో నాకు తెల్దు. ఏటైతే అదే, దానికిచ్చీ తల్లీ అన్నాను. పతీ వారం అదే అన్నాను." జారిన కొంగు భుజం మీదికి లాక్కుని, మళ్ళీ అంది. "ఇచ్చీసింది కదా. పెట్టిలో సూసినాను. నా మొక్కు నిజవే. కాళ్ళాడితే నా ముర్రాట నానే పోసుకుంటాను. నీ అబద్దం సంగతి నువ్వే సూసుకో."

ఆవిడ నన్ను క్షమించలేదు. క్షమించినట్టు ఎక్కడా అనలేదు, ఆ మాట నేను కల్పించుకోను. తన లెక్క అమ్మోరితో తేల్చుకుని, నాది నాకు వదిలేసిందంతే. ఈ ఇంట్లో నా కోసం ఒకళ్ళు ఏదైనా కోరుకుంటారని నాకు ఊహలో కూడా లేదు. అది తెలిసిన రోజునే, ఆ కోరుకున్న మనిషిని నేను కడుపు మాడ్చి పడగొట్టానని కూడా తెలిసింది. జడ అల్లడం పూర్తి చేసి, ముడి వేసి, లోపలికి వెళ్ళి పప్పు పొయ్యి మీద పెట్టాను.

సోమవారం సాయంత్రం గౌరీశంకర్ డ్యూటీ దిగి వచ్చి టీ తాగుతుంటే, నా అబద్ధం సంగతి నేను చూసుకున్నాను. పెట్టె తెచ్చి ఆయన ముందు పెట్టి మొత్తం చెప్పాను. ఆయన ముందు నమ్మలేదు. తర్వాత ముఖం నల్లబడిపోయింది. మా అమ్మని పస్తులుంచి ఇది కొన్నావా అన్నాడు. అవునన్నాను. ఆయన ఆ మాట దగ్గర ఆగి ఉంటే నేను జీవితాంతం తల దించుకునే ఉండేదాన్నేమో. ఆగలేదు.

"నన్నడిగితే నానేటైనా కాదన్నానా?" అన్నాడు.

అడిగాను. వెన్నెల పుట్టిన ఏడాది అడిగితే, పిల్ల పెద్దదవనీ అన్నాడు. స్టూడియోలో నా ఫోటోలు మొదటి పేజీలో వేశారని చెప్పి, ఆ ఊపులో ఇంకోసారి అడిగితే, ఫోన్‌లో ఉంది కదా కెమెరా అన్నాడు. మూడోసారి ఇంట్లో ఆయన స్నేహితులుండగా అడిగాను, నలుగురి ముందైతే నవ్వుతూనైనా ఊ అంటాడేమోనని. "కొను, కొను. ఫోటోలు నువ్వు తీద్దువు గాని, వంట నాను చేత్తాను" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. నేను కూడా నవ్వి పకోడీల పళ్ళెం ఇంకో వాయి నింపుకొచ్చాను. ఇవన్నీ వరసగా చెప్తే, ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఒక్కటీ గుర్తు లేదు. నవ్వులాటకన్నాను గావల్న అన్నాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, అదే నా ప్రాణానికొచ్చింది. నిజమే, ఎప్పుడూ కాదనలేదు. నేను మాత్రం ఆ మూడు సాయంత్రాలనీ ఇన్నేళ్ళు మోశాను. యూనియన్ ఆఫీసులో క్యారమ్స్ ఆడడానికి ఆదివారం ఆదివారం వెళ్ళే ఈ మనిషి ఒక్కసారైనా ఏ దేవుడికైనా మొక్కానని చెప్పాడా? ఒక అరపూట బయటికి వెళ్ళడానికి నాకు అమ్మోరి పేరు కావలసి వచ్చింది, ఆ పేరుకి ఒక ముసలిది పస్తుండవలసి వచ్చింది. ఆ తప్పు నాదే. పూర్తిగా నా ఒక్కదానిదే అని మాత్రం ఇక ఒప్పుకోలేను.

ఆయన లేచి చొక్కా వేసుకుంటూ, అమ్మ కోలుకునేదాకా నువ్వెక్కడికీ వెళ్ళనక్కర్లేదని చెప్పి వీధిలోకి వెళ్ళిపోయాడు. ఎక్కడికని నేను అడగలేదు. మా ఇంట్లో ఆ అలవాటు లేదు.

మంగళవారం ఆయనకి రెస్టు. పొద్దున్నే అన్నం, ముద్దపప్పు, బీరకాయ కూర చేశాను. మా అత్తకి మాత్ర ఇచ్చి, పక్కన కూర్చుని తినిపించాను, ఆవిడ ఎదురుగానే నేనూ కడుపునిండా తిన్నాను. చేయి కడుక్కుని, కెమెరా సంచీ అందరూ చూస్తుండగా భుజానికి తగిలించుకున్నాను. గౌరీశంకర్ కుర్చీలో కదిలాడు.

"ఏ గుడికి?" అన్నాడు.

"గుడికి కాదు. జుగ్సలాయి, ఫ్లాష్ కొనుక్కోడానికి. ఆదివారం రమాదేవి గారింట్లో నాకు పనుంది. అత్తకి మధ్యాహ్నం మాత్ర డబ్బీలో పెట్టాను, అన్నం మీరు పెట్టండి."

ఆయన తల్లి వైపు చూశాడు, ఆవిడ ఏమైనా అంటుందేమోనని. ఆవిడ మంచం మీద కూర్చుని, దోక్కుపోయిన మోచేతికి కొబ్బరినూనె రాసుకుంటోంది. తలెత్తలేదు. వద్దనలేదు, వెళ్ళమనలేదు. ఆవిడ ఒక్క మాట అంటే నాకు ఎంత తేలికయ్యేదో ఆవిడకి తెలుసు. తెలిసే అనలేదనుకుంటాను.

"ఎప్పుడొత్తావు మరి?" అన్నాడాయన.

"పనయ్యాక వస్తాను" అన్నాను. ఇన్నేళ్ళలో ఆ మాట మా ఇంట్లో ఆయన ఒక్కడే అన్నాడు. నా నోట్లో అది కొత్తగా, పొగరుగా, ఎవరిదో మాట ఎత్తుకొచ్చినట్టు వినిపించింది. మెట్లు దిగుతుంటే తప్పు చేస్తున్నట్టే ఉంది, సందు చివరికొచ్చినా తప్పు చేస్తున్నట్టే ఉంది. అది పోయేదాకా ఆగి అప్పుడు వెళ్దామంటే ఈ జన్మలో వెళ్ళలేనని తెలిసి, ఆటోకి చెయ్యెత్తాను.